ఇంగ్లిష్ ‘వూట్జ్’ మన ఉక్కేనా?

కత్తులకొలిమి:

అందరికీ నమస్కారం. నేనుండేది డాలస్‌లో. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు గ్యారేజీలో కత్తులు చేసుకోవడం. మా కత్తుల గ్రూపుల్లో ‘వూట్జ్’ అనే మాట రోజూ వినిపిస్తుంది. మూసలో, అంటే వేడికి ఓర్చే మట్టి పాత్రలో, కరిగించి తీసిన ఉక్కు, సాగగొట్టి యాసిడ్‌లో ముంచితే ఒంటినిండా సన్నటి అలల గీతలు తేలే ఉక్కు, దాని పేరది. మొన్న ఒక అమెరికన్ మిత్రుడు ‘ఇది మీ భాష మాటేనట కదా’ అన్నాడు. నెట్‌లో చూస్తే ఒకచోట కన్నడం అని ఉంది, ఇంకోచోట తమిళం, మరోచోట సంస్కృతం. వాట్సాప్‌లో అయితే ‘ప్రపంచానికి ఉక్కు అనే మాట ఇచ్చింది తెలుగువాడే’ అని ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది.

నా డౌటు చిన్నది. మన మాట చివర ‘క్కు’. వాళ్ల మాట చివర ‘ట్జ్’. క్క పోయి ట్జ్ ఎలా వస్తుంది? ఇక్కడి తెలుగు సంఘం ప్రదర్శనలో నా కత్తులు పెడుతున్నాను. పక్కన పెట్టే కార్డు మీద ఈ పేరు గురించి రెండు ముక్కలు రాయాలి. అడ్డంగా రాసి దొరికిపోవడం ఇష్టం లేదు.

లేత్‌మాస్టర్:

అంటే ‘వూట్జ్ స్టీల్’ అన్నవాడు ‘ఉక్కు ఉక్కు’ అంటున్నాడన్నమాట. బాగుంది. మా ఆటోనగర్‌లో ఈ పేరు ఎవరి నోటా వినలేదు బ్రదర్. ఇక్కడ ఉక్కు రకాలంటే ఈఎన్8, ఈఎన్24, హైస్పీడు, అంతే. టాపిక్ మాత్రం ఇంట్రెస్టింగ్‌గా ఉంది, కూర్చుంటా.

పాతపుటలు:

కొలిమి గారూ, ముందు ఈ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. అది కొలిమి దగ్గర కాదు, కాగితం మీద.

బొంబాయిలో హెలెనస్ స్కాట్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఇక్కడి వింత వస్తువులన్నీ లండన్‌లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపిస్తుండేవాడు. 1794లో కొన్ని ఉక్కు ముద్దలు పంపాడు. ‘వూట్జ్ అనే పేరున్న పదార్థం, ఒకరకం ఉక్కు అంటారు, ఇక్కడివాళ్లకు దీని మీద చాలా గౌరవం’ అనే భావంతో ఉత్తరం రాశాడు. దీన్ని ఎంత గట్టిగా పదును పెట్టవచ్చంటే ఆ ప్రాంతంలో అంతటి లోహం ఇంకొకటి లేదన్నాడు. తుపాకీలో చెకుముకి రాయి తగిలే చోట తొడుగుగా, లేత్ మీద ఇనుము కోయడానికి, ఉలులకు, ఆకురాళ్లకు, రంపాలకు పనికొస్తుందని కూడా చెప్పాడు.

బ్యాంక్స్ ఆ ముద్దలను పరీక్ష కోసం జార్జ్ పియర్సన్ అనే వైద్యుడికి ఇచ్చాడు. పియర్సన్ పత్రాన్ని 1795 జూన్ 11న రాయల్ సొసైటీలో చదివారు. శీర్షిక తెలుగులో చెప్పాలంటే ‘బొంబాయిలో తయారై, అక్కడ వూట్జ్ అని పిలవబడే ఒకరకం ఉక్కు స్వభావాన్ని శోధించే ప్రయోగాలు, పరిశీలనలు’. ఇంగ్లిష్‌లో ఈ మాట అచ్చులో కనిపించడం అదే మొదలు.

శీర్షికలోనే మొదటి తిరకాసు ఉంది చూడండి. ఆ ఉక్కు బొంబాయిలో తయారైంది కాదు. అది ఎగుమతుల రేవు. ‘అక్కడ పిలవబడే’ అన్నది కూడా అంతే. అక్కడి బజారు భాషలు మరాఠీ, గుజరాతీ. ఆ భాషల్లో ఉక్కుకు ఇలాంటి పేరు లేదు.

లేత్‌మాస్టర్ గారూ, లేత్ అనగానే మీరు హుషారవుతారని తెలుసు.

లేత్‌మాస్టర్:

1794లో లేత్ మీద ఇనుము కోసే టూల్‌కు మన ఉక్కా! మా షాపులో ఫ్రేమ్ కట్టిస్తా.

బెంగళూరు_తెలుగు:

దీని మీద ఆంగ్లో ఇండియన్ మాటల నిఘంటువు ‘హాబ్సన్ జాబ్సన్’లో ఎంట్రీ ఉంది. యూల్, బర్నెల్ అనే ఇద్దరు చేసింది, 1886లో వచ్చింది. అందులో చాలా స్పష్టంగా కన్నడ ‘ఉక్కు’ అని రాశారు. కాబట్టి ఫార్వర్డ్‌లు పంపేవాళ్లు కొంచెం ఆగితే మంచిది. నేను తెలుగువాడినే, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి కదా.

పాతపుటలు:

ఆ ఎంట్రీ మొత్తం చదివితే ఇంకా బాగుంటుందండీ. వాళ్లు ముందు అన్న మాట ఏమిటంటే, పియర్సన్ పత్రంలో వచ్చాక ఈ పేరును ఉక్కుకు పేరుగా ఏ భాషలోనూ ఎవరూ గుర్తించలేదు అని. కాబట్టి ఇది రాతలోనో చదవడంలోనో జరిగిన పొరపాటు అయి ఉంటుందన్నారు. ‘వుక్’ అని రాసినది ‘వూట్జ్’గా మారి ఉండవచ్చని, ఆ వుక్ కన్నడ ఉక్కు కావచ్చని వాళ్ల ఊహ. ఆ తర్వాతి కూర్పులో చేర్చిన ముక్కలో తెలుగు ‘ఉక్కు’ పేరు కూడా వస్తుంది, తమిళ మలయాళాల ‘ఉరుక్కు’తో పాటు.

అంటే కొలిమి గారి ప్రశ్నకు సమాధానం దొరికింది. క్క ఏ నోట్లోనూ ట్జ్ కాలేదు. చేతిరాతలో అయింది.

కత్తులకొలిమి:

ఇది నేను అనుకోని మలుపు. కానీ ‘క’ని ‘ట్జ్’గా ఎలా చదువుతారండీ? రెండు అక్షరాలు ఒక అక్షరంలో కనిపించాయా?

పదమూలం:

నేను డిగ్రీ కాలేజీలో భాషాశాస్త్రం చెబుతాను. ఇది మా పిల్లలకు ఇష్టమైన క్లాసు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కలం కాగితం తీసుకోండి. ఇంగ్లిష్ గొలుసుకట్టులో డబ్ల్యూ, ఓ, ఓ, కె అని రాయండి. ఆ చివరి కె ని గమనించండి. పొడుగ్గా ఒక నిలువు గీత, దానికి ఆనుకుని పైకి ఒక చెయ్యి, కిందికి ఒక కాలు. ఈకకలంతో గబగబా రాసినప్పుడు ఆ చెయ్యి నిలువు గీతను దాటి అటు పక్కకు పోయిందనుకోండి. ఇప్పుడు నిలువు గీతకు అడ్డగీత పడింది, అది టి. మిగిలిన వంపు, కిందికి తోకలా జారిన కాలు కలిసి జెడ్. చదివేవాడికి ఆ మాట ముందే తెలిసి ఉంటే సర్దుకుని కె అనే చదువుతాడు. లండన్‌లో కూర్చున్నవాడికి వుక్ అయినా ఒకటే, వూట్జ్ అయినా ఒకటే.

ఇక ఆ రెండు ఓ లు. మనం వాటిని చూసి ‘ఊ’ అనుకుంటాం. ఆ కాలం కంపెనీ ఉద్యోగులు మన హ్రస్వ ఉకారానికి కూడా రెండు ఓ లు పెట్టేవారు. బుక్, లుక్ అనే మాటల్లో ఇప్పటికీ అంతే కదా. కాబట్టి వాళ్లు రాసింది ‘వుక్’ అనే. తర్వాతివాళ్లు దాన్ని సాగదీసి ‘వూట్స్’ అని పలుకుతున్నారు.

మొదట్లో ఉన్న వకారం సంగతి మనవాళ్లకు చెప్పక్కర్లేదు. వుంది, వూరు, వుత్తరం అని మన తాతల ఉత్తరాల్లో కనిపించేదే. పదం మొదట ఉకారం వస్తే ముందు ఒక వకారం చేరడం తెలుగులోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది. హాబ్సన్ జాబ్సన్‌లో కూడా పలికేది ‘వుక్కు’ అని ప్రత్యేకంగా రాశారు. ఎవరో ఒక తెల్లవాడు ‘వుక్కు’ అని చెవితో విని రాసుకున్నాడు. చివరి ఉకారం అతని చెవికి ఆనలేదు. మాటలో మూడు వంతులు సరిగ్గానే వెళ్లింది, పాడైంది చివరి అక్షరం ఒక్కటే.

లేత్‌మాస్టర్:

మాస్టారూ, వినడానికి బాగుంది. కానీ ఆ ‘వుక్’ అని రాసిన కాగితం ఎవరైనా చూశారా? చూడకుండా గుమాస్తా మీద నేరం మోపేస్తే ఎలా?

పదమూలం:

న్యాయమైన ప్రశ్న. హాబ్సన్ జాబ్సన్ వాళ్లు కూడా ‘అయి ఉండవచ్చు’ అనే అన్నారు, ‘అయింది’ అనలేదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా ఇదే దారిలో వెళ్లింది, ‘బహుశా’ అనే మాట వదలకుండా. మనం ఆ ‘బహుశా’ను ఊడగొట్టకూడదు. అయితే మిగతా వాదాలతో పోల్చి చూస్తే ఇది గట్టిగా నిలబడుతుంది. ఉక్కుకు ఉక్కు అనే పేరే పెట్టి, ఉక్కు చేసే ప్రాంతాల భాషలోంచే తీస్తుంది. అదనంగా నమ్మమని అడిగేది ఒక్క చేతిరాత పొరపాటునే.

పాతపుటలు:

మిగతా వాదాలంటే ఒకటి గుర్తొచ్చింది. మద్రాసులో ఎడ్వర్డ్ బాల్ఫోర్ అని ఒక సర్జన్ ఉండేవాడు, మద్రాసు మ్యూజియం మొదలుపెట్టింది ఆయనే. హిందుస్తానీలో ఊంచా నీచా అన్నట్టు కన్నడ ప్రాంతాల్లో సరుకు నాణ్యతను ‘ఉచ్చ’, ‘నీచ’ అంటారని, మేలురకం అనే అర్థంలో వాడిన ‘ఉచ్చ’నే దొరలు లోహం పేరుగా పొరబడ్డారని ఆయన వాదం.

ఇందూరు_మనిషి:

ఆయన ఈ మాట ఏ తెలుగాయనతోనూ అనకపోవడం మంచిదైంది. 😂

లేత్‌మాస్టర్:

😂😂😂 ‘మా కత్తులు స్వచ్ఛమైన ఉచ్చతో చేయబడినవి’. కొలిమి బ్రదర్, కార్డు మీద ఇదే రాయి.

మాడరేటర్:

చాలు చాలు. విషయంలోకి రండి.

పాతపుటలు:

నవ్వుకున్నా ఆ వాదంలో ఒక సుఖం ఉంది. ‘చ్చ’ నుంచి ‘ట్జ్’ శబ్దం దగ్గర. చేతిరాత పొరపాటు అవసరం లేదు. దాని కష్టం అర్థంతో. మేలురకం బియ్యాన్నీ బెల్లాన్నీ కూడా అలాగే అనాలి కదా, ఉక్కుకు మాత్రమే ఆ పేరు ఎందుకు అతుక్కుంది? హాబ్సన్ జాబ్సన్ సంపాదకులు కూడా రెండూ తూచి ఉక్కు వైపే మొగ్గారు.

ఈ మధ్య, 2014లో, ఆర్.కె. దూబే అనే లోహశాస్త్ర ఆచార్యుడు సంస్కృత ‘ఉత్స’ను తెరమీదికి తెచ్చారు. ఉత్సం అంటే ఊట, బుగ్గ. శబ్దం దాదాపు అచ్చుగుద్దినట్టు కుదురుతుంది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. కరిగి పొంగుతుంది కాబట్టి ఉత్సం అనడం కవికి బాగుంటుంది, కమ్మరి అలా అన్నాడా అన్నదే ప్రశ్న.

బెంగళూరు_తెలుగు:

పదమూలం గారూ, అయితే అసలు ‘ఉక్కు’ ఎక్కడిది? అది కన్నడం నుంచి తెలుగుకు వచ్చిందా, మనదేనా?

పదమూలం:

ఒకరి నుంచి ఒకరు తెచ్చుకున్నది కాదు, ఇద్దరికీ పుట్టింటి ఆస్తి. తమిళంలో ‘ఉరుకు’ అంటే కరుగు. ‘ఉరుక్కు’ అంటే కరిగించు, కరిగించినది, ఉక్కు. మలయాళంలోనూ ఉరుక్కు ఉంది. పాత కన్నడంలో ‘ఉర్కు’ అనే రూపం ఉంది, అది తర్వాత ‘ఉక్కు’ అయింది. రేఫ (ర్ శబ్దం) పక్క హల్లులో కలిసిపోయి ద్విత్వం కావడం కన్నడంలో మామూలే. ‘ఒర్బ’ అన్నది ‘ఒబ్బ’ అయింది, ‘ఇర్పత్తు’ అన్నది ‘ఇప్పత్తు’ అయింది. మన ఉక్కు కూడా ఈ కుటుంబంలోదే.

తెలుగులో ఒక చిన్న నష్టం జరిగింది. కరగడానికి మనం కరుగు అంటాం. ‘ఉరుకు’ అంటే మనకు పరుగెత్తడం. అందువల్ల ఉక్కు అనే మాటలో కరగడం ఉందని తెలుగువాడికి తట్టదు. తమిళుడికి వెంటనే తడుతుంది. మన దగ్గర ఆ మాట ఇంకోవైపు పెరిగింది, ఉక్కు సంకల్పం, ఉక్కు పిడికిలి, మనిషి గట్టివాడైతే ఉక్కుతునక.

పేరులో కరగడం ఉండటం మామూలు సంగతి కాదు. మామూలు బట్టీలో ఇనుము కరగదు, రాయి నుంచి మెత్తటి ముద్దగా విడుతుంది, దాన్ని కొట్టి కొట్టి అందులోని చిట్టెం, అంటే మలినం, వదిలిస్తారు. మూసలో పెట్టి నిజంగా కరిగించేది ఉక్కునే. పేరు పెట్టినవాడికి పని తెలుసు.

లేత్‌మాస్టర్:

ఉక్కపోతకు దీనికి సంబంధం లేదా? కొలిమి దగ్గర నిలబడితే ముందు తెలిసేది ఉక్కే.

పదమూలం:

లాగుతుంది, నిజమే. కన్నడవాళ్లకు ఇంకో లాగుడు, వాళ్లు పాలు పొంగడాన్ని ‘ఉక్కు’ అంటారు. కానీ శబ్దం, భావం దగ్గరగా ఉన్నంత మాత్రాన ముడివేస్తే మనం కూడా బాల్ఫోర్ గారి పక్కనే కూర్చోవాలి. ఉక్కులో ఒకప్పుడు రేఫ ఉందని తోటి భాషలు సాక్ష్యం చెబుతున్నాయి. ఉక్కకు అలాంటి సాక్ష్యం తెచ్చినప్పుడు మాట్లాడదాం.

ఇందూరు_మనిషి:

మాటల సంగతి మీరు చూసుకోండి, సరుకు సంగతి నేను చెప్తా. మాది నిజామాబాద్ జిల్లా. మా దగ్గర కోనసముద్రం అని ఊరుంది. హెన్రీ వోయ్‌సీ అనే దొర, త్రికోణమితి సర్వేలో డాక్టరు, జియాలజిస్టు, ఆ ఊరికి వచ్చి ఉక్కు చేసే పద్ధతి కళ్లారా చూసి రాశాడు. 1824లో ఆయన చనిపోయాడు. ఆ వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఆయన చూసినప్పుడు ఆ ఊళ్లో ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు మకాం వేసి ఉన్నాడు. పని దగ్గరే కూర్చుని ముద్దలు తూకం వేసి చూసుకుని కొనేవాడట. ఈ పద్ధతి తమ దేశంలో చేసి చూశారని, కుదరలేదని చెప్పాడట. మా ఊరి ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి మనిషి వచ్చి కూర్చున్నాడంటే ఆలోచించండి.

ఇప్పటికీ ఊరి చుట్టూ తిరిగితే పగిలిన మూస పెంకులు, చిట్టెం కుప్పలు దొరుకుతాయి. పెంకు లోపలి వైపు పచ్చటి నల్లటి గాజు పూత అంటుకుని ఉంటుంది. విరిస్తే లోపల మట్టి నల్లగా, సన్నటి రంధ్రాలతో ఉంటుంది. మట్టిలో వరి ఊక కలిపి చేసేవాళ్లు. ఊక కాలి బొగ్గవుతుంది, ఆ బొగ్గుకు ఎంత వేడైనా ఓర్చుకునే గుణం. 1980లలో థెల్మా లో అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ పెంకుల మీదే పని చేసింది. 2010లో బెంగళూరు నియాస్ అనే పరిశోధన సంస్థ వాళ్లు, ఇంగ్లండ్ ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు కలిసి ఉత్తర తెలంగాణ అంతా సర్వే చేశారు.

దగ్గర్లోనే కమ్మరపల్లి ఉంది. పేరులోనే కమ్మరి ఉన్నాడు, కానీ పదమూలం సార్ ఉన్నారు కాబట్టి నేనేం అనను.

పదమూలం:

😀 మంచి నిర్ణయం.

పాతపుటలు:

దీనికి ముందరి సాక్ష్యం కూడా ఉంది. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే పర్షియా గురించి రాస్తూ, గీతలు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని చెప్పాడు. చిన్న రొట్టె అంత ముద్దలుగా వస్తుందట, దాన్ని రెండు చేస్తే ఒక్కో ముక్క నుంచి ఒక్కో కత్తి.

కత్తులకొలిమి:

ఒళ్లు పులకరించింది ఇందూరు గారూ. ఆ ముద్దను సాగగొట్టడం ఎంత కష్టమో చేసేవాడికే తెలుస్తుంది. దీంట్లో కర్బనం దాదాపు 1.5 శాతం. మామూలు ఉక్కును వేడి చేసినట్టు పసుపు తెల్ల రంగు దాకా కాస్తే సమ్మెట దెబ్బకు పెటపెటా పగిలి ముక్కలవుతుంది. ఎరుపు నారింజ మధ్యలోనే పట్టుకుని, చిన్న చిన్న దెబ్బలతో, మళ్లీ మళ్లీ కాచి సాగదీయాలి. యూరప్ కమ్మరులు మొదట్లో ఈ ముద్దలు పనికిరావని పారేసింది ఇందుకే. తమ అలవాటు ప్రకారం బాగా కాచేవారు.

గీతల రహస్యం కూడా అక్కడే ఉంది. ఐయోవా ప్రొఫెసర్ జాన్ వెర్‌హోవెన్, కత్తులు చేసే ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి 1998లో రాసిన పేపర్ మా గ్రూపులో అందరూ చదివిందే. ముడి ఇనుములో అతి కొద్దిగా వెనేడియం లాంటి మలినం ఉంటే, కాచి చల్లార్చే ప్రతిసారీ గట్టి కార్బైడ్ కణాలు వరసలు కడతాయి. ఆ వరసలే అలలు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ‘డమాస్కస్’ పేరుతో అమ్మే వంటింటి కత్తుల్లో ఎక్కువ భాగం ఇది కాదు. అవి రెండు రకాల ఉక్కు పొరలు అతికించి మడతపెట్టినవి. చూడ్డానికి బాగానే ఉంటాయి, పుట్టుక వేరు.

ఇంకొక డౌటు. ఇస్ఫహాన్ వ్యాపారి దీన్ని ఏమని పిలిచి ఉంటాడు? ఉక్కు అనా?

పదమూలం:

లేదు. పర్షియన్‌లో ‘పూలాద్’. అదే అరబ్బీలో ‘ఫూలాద్’, హైదరాబాద్‌లో వినే ‘ఫౌలాద్’. రష్యన్‌లోకి వెళ్లి ‘బులాత్’. ఇవి కాక అరబ్బులు మంచి కత్తిని దేశం పేరుతో ‘హిందీ’, ‘ముహన్నద్’ అన్నారు. పర్షియన్ ‘హిందువానీ’ మార్కోపోలో పుస్తకంలో ‘ఒందానిక్’గా తేలింది. దాని గుట్టు విప్పింది కూడా ఈ యూలే.

అంటే తెలంగాణ ఉక్కు పశ్చిమానికి వందల ఏళ్లు వెళ్లింది, మన మాట మాత్రం వెంట వెళ్లలేదు. ఇంగ్లిష్‌వాడు ఒక్కడే చేసేవాడి మాట అడిగి తీసుకున్నాడు. తీసుకుని చివరి అక్షరం పాడుచేశాడు.

లేత్‌మాస్టర్:

ఒకసారి అచ్చులో తప్పు పడితే తర్వాత ఇన్నేళ్లలో ఒక్కడూ సరిచేయలేదా?

పాతపుటలు:

అదే ఈ కథలో నాకు బాగా నచ్చే చోటు. పియర్సన్ పత్రం రాయల్ సొసైటీ అచ్చు. దాని మీద సంతకం పెట్టినట్టే అందరూ నడిచారు. లండన్ స్ట్రాండ్‌లో జేమ్స్ స్టొడార్ట్ అనే కత్తుల వ్యాపారి ‘యూరప్‌లోని మేలైన ఉక్కు కంటే వూట్జ్ మంచిదని ఏళ్ల తరబడి పరీక్షించి తేల్చుకున్నాను’ అని తన కార్డు మీదే వేసుకున్నాడు, సర్జరీ పనిముట్లు, మంగలి కత్తులు దీంతోనే చేస్తానని. 1805లో డేవిడ్ మషెట్ అనే లోహశాస్త్రజ్ఞుడు దీని మీద పరిశోధన రాశాడు. 1819లో మైకేల్ ఫారడే, స్వయంగా కమ్మరి కొడుకు, స్టొడార్ట్‌తో కలిసి పనిచేస్తూ వూట్జ్‌ను విశ్లేషించి, అల్యూమినా, సిలికా ప్రభావం అనుకున్నాడు. అసలు సంగతి కర్బనంలో ఉందని 1820లలో పారిస్‌లో బ్రెయాంట్ అనే పరిశోధకుడు పట్టుకున్నాడు. పియర్సన్ అయితే ఇది నేరుగా ఖనిజం నుంచే చేస్తారని తేల్చాడు, అదీ తప్పే. ఇంతమంది ఆ లోహాన్ని యాసిడ్‌లో వేసి, బట్టీలో వేసి, తూచి పరీక్షించారు. పేరును ఎవరూ పరీక్షించలేదు.

బెంజమిన్ హైన్ సంగతి మరీ విచిత్రం. కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు. మన సామర్లకోటలో కంపెనీ మొక్కల తోటకు విలియం రాక్స్‌బర్గ్ తర్వాత అధికారి. ఈ ప్రాంతాలన్నీ తిరిగి, నూజివీడు దగ్గర ఇనుప బట్టీల గురించి కూడా రాశాడు. ‘ఉక్కు’ అనే మాట ఆయన చెవిన పడకుండా ఉండదు. అయినా 1814లో లండన్‌లో అచ్చయిన పుస్తకంలో వూట్జ్ అనే రాశాడు. అప్పటికే ఇంగ్లిష్‌లో దాని పేరు అది, అంతే.

బెంగళూరు_తెలుగు:

చేసే పద్ధతిలో తంగేడు కర్ర వేసేవారని చదివాను. తంగేడు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. కొలిమి గారూ, ఇది కార్డు మీద రాయండి, బాగా పండుతుంది.

ఇందూరు_మనిషి:

ఆగండి సార్. తంగేడు కర్ర సేలం, మైసూరు పద్ధతి. అక్కడ మెత్తటి ఇనుప ముక్కలు, ఎండు తంగేడు కర్ర, పైన జిల్లేడు ఆకులు మూసలో పెట్టి మట్టితో మూతవేసేవాళ్లు. కర్రలో కర్బనం ఇనుములోకి పోతుంది. మా కోనసముద్రంలో వోయ్‌సీ చూసింది వేరు. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుము కలిపి కరిగించేవాళ్లు, పైన గాజు చిట్టెం వేసి. ఒకటి కర్బనం ఎక్కువది, ఒకటి తక్కువది, రెండూ కలిస్తే కావలసిన పాళ్లు. ముద్ద దిగాక మళ్లీ మట్టి పూసి, తిత్తులతో కాస్త తక్కువ వేడి మీద కాచేవాళ్లు, పెళుసు తగ్గడానికి. తంగేడు పువ్వు మీద ప్రేమ కొద్దీ అది మా ఊరికి అంటించకండి.

కత్తులకొలిమి:

ఇంత దొరుకుతుందని అనుకోలేదు. ఇలా రాశాను, చూడండి:

‘వూట్జ్: దక్షిణ భారతదేశంలో మూసల్లో కరిగించి చేసిన, కర్బనం ఎక్కువగా ఉన్న ఉక్కుకు ఇంగ్లిష్ పేరు. 1795లో లండన్‌లో మొదట అచ్చయింది. కన్నడ, తెలుగు భాషల ‘ఉక్కు’ను ఇంగ్లిష్ చేతిరాతలో తప్పు చదవడం వల్ల పుట్టి ఉండవచ్చు.’

బెంగళూరు_తెలుగు:

కన్నడ ముందు పెట్టారు. సంతోషం.

ఇందూరు_మనిషి:

కోనసముద్రం పేరు లేదు.

కత్తులకొలిమి:

నా కత్తి ఉక్కు అక్కడిది కాదు కదా ఇందూరు గారూ, ఇక్కడే మూసలో కరిగించింది. ఆ ఊరి పేరు పెడితే చూసేవాళ్లు అక్కడి సరుకే అనుకుంటారు.

పదమూలం:

‘ఉండవచ్చు’ ఉంచారు, దానికి మార్కులు. ‘తప్పు చదవడం’ బదులు ‘తప్పు రాయడం లేదా చదవడం’ అనండి. ఏ గుమాస్తా ఏ చివర తప్పు చేశాడో మనకేం తెలుసు.

ఇందూరు_మనిషి:

సరే, కత్తి కార్డు మీద వద్దు. పక్కన ఇంకో కార్డు పెట్టండి, వోయ్‌సీ రాసింది నాలుగు లైన్లు. తెలుగులో నేను పంపిస్తా. మూస పెంకు ఫొటో కూడా ఉంది.

కత్తులకొలిమి:

తప్పకుండా పంపండి. ఫొటో పెద్ద సైజులో ఉంటే ఇంకా మంచిది.

లేత్‌మాస్టర్:

అన్నీ తేలాయి కానీ నా సంగతి మిగిలింది. ఆ కత్తి గట్టిదనం రాక్‌వెల్ కొలతలో ఎంత వస్తోంది బ్రదర్? లేత్ టూల్‌గా ఒక బిట్ రుబ్బి పంపిస్తే ఈఎన్8 మీద వేసి చూస్తా. స్కాట్ దొర చెప్పింది నిజమో కాదో తేలాలి కదా.

మాడరేటర్:

హార్డ్‌నెస్, టెంపరింగ్ ప్రశ్నలు ‘పనిముట్లు’ విభాగంలో కొత్త థ్రెడ్‌గా వేయండి. ఇక్కడ మాట మూలం గురించి ఇంకేమైనా ఉంటేనే రాయండి.